ప్రాక్టీసులో తప్పని సర్వీసు పోటీలోనే ఎందుకు తప్పుతోంది?

చిన్నసర్వీసు:

అందరికీ నమస్కారం. నా వయసు పందొమ్మిది. ఏడేళ్లుగా బ్యాడ్మింటన్ ఆడుతున్నాను. ప్రాక్టీసులో నాకంటే పై స్థాయి వాళ్లతో సమానంగా ఆడగలుగుతున్నాను కానీ, టోర్నీలో అంపైరు కుర్చీ ముందు నిలబడేసరికి ఆ ఆటంతా ఎక్కడికి పోతోందో అర్థం కావడం లేదు.

పోయిన నెల ఒక పోటీలో మూడో గేము 18–18 దగ్గర (గేము 21 పాయింట్లకు) సర్వీసు నాది. బొటనవేలిని గ్రిప్పు మీద ఎంత గట్టిగా నొక్కి పట్టానంటే, గోరు తెల్లబడడం నాకే కనిపించింది. షటిల్ పట్టుకున్న ఎడమచేతి వేళ్లు వణుకుతుంటే దాని ఈకలు కూడా అదురుతున్నాయి. ఈ వణుకు ఎదుటి ఆటగాడికి కనిపిస్తోందేమో అనుకుంటూనే కొట్టాను. షటిల్ వల పైఅంచున ఉండే టేపుకు తగిలి నా వైపే పడింది. ఆ తర్వాతి రెండు ర్యాలీల్లో తేలికైన షటిళ్లను బయటికి కొట్టి మ్యాచ్ పోగొట్టుకున్నాను.

పోటీ ముందు రాత్రి నిద్ర పట్టదు. ఉదయం కడుపులో తిప్పుతుంది, నోరు ఎండిపోతుంది. అందరూ ‘టెన్షన్ పడకు’ అనే చెబుతారు గానీ పడకుండా ఉండడం ఎలాగో ఎవరూ చెప్పడం లేదు. ఈ భయాన్ని పూర్తిగా పోగొట్టుకునే మార్గం ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి.

పదిమీటర్లు:

నేను ఎయిర్ రైఫిల్ షూటర్‌ని. మా పోటీలో లక్ష్యం మీద పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే. గుండె కొట్టుకున్న ప్రతిసారీ రైఫిల్ కదలడం గురిచూసే సైటులో కనిపిస్తూనే ఉంటుంది. పన్నెండేళ్లుగా పోటీల్లో పాల్గొంటున్నాను, మొదటి గుండు పేల్చే ముందు గుండె దడదడలాడని రోజు నాకు ఒక్కటీ గుర్తు లేదు. మీరు దాన్ని పూర్తిగా పోగొట్టుకోవాలని చూస్తున్నారు. అది జరగదు, జరగనక్కరలేదు కూడా. ఇది నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. దడ ఉండగానే గురి కుదురుతుందని నాకు అర్థమైన రోజున నా మీద నుంచి పెద్ద బరువు దిగింది.

అభినవ్ బింద్రా 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్ ఎయిర్ రైఫిల్ ఫైనల్లో ఏడో స్థానంతో వెనుదిరిగారు. 2008లో బీజింగ్ ఫైనల్లో ఆఖరి గుండుకు ముందు ఫిన్లాండ్ షూటర్‌తో సమానంగా నిలిచి, ఆ గుండును 10.8కి (ఫైనల్లో ఒక గుండుకు గరిష్ఠం 10.9) పేల్చి స్వర్ణం గెలిచారు. ఫిన్లాండ్ షూటర్ ఆఖరి గుండు 9.7. ఒత్తిడి ఇద్దరికీ ఉన్నదే.

క్రీడామనస్తత్వ విద్యార్థిని:

చిన్నసర్వీసు గారూ, మీరు చెప్పిన లక్షణాలన్నింటికీ శరీరంలో కారణాలున్నాయి. అవి తెలిస్తే సగం భయం తగ్గుతుందని నా నమ్మకం, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముప్పు ఎదురైందని మెదడు భావించగానే అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది. జీర్ణవ్యవస్థకు వెళ్లే రక్తం తగ్గి కండరాలకు వెళ్లేది పెరుగుతుంది కాబట్టి కడుపులో తిప్పినట్లు ఉంటుంది, లాలాజలం తగ్గి నోరు ఎండిపోతుంది. అంటే మీ శరీరం పాడవడం లేదు, పరుగుకో పోరాటానికో సిద్ధమవుతోంది. స్మాష్ కొట్టడానికి, కోర్టు ఈ మూల నుంచి ఆ మూలకు దూకడానికి ఈ సన్నద్ధత ఉపయోగపడుతుంది. చిక్కు వచ్చేది వలకు దగ్గరగా వేసే చిన్న సర్వీసు లాంటి సున్నితమైన పనుల దగ్గరే. వ్యతిరేక దిశల్లో లాగే కండరాలు రెండూ ఒకేసారి బిగుసుకుంటే మణికట్టు బిర్రబిగిసిపోయి, కదలికలోని నైపుణ్యం పోతుంది. మీ గోరు తెల్లబడడం దీని గుర్తే.

ఉద్వేగం మరీ తక్కువైనా మరీ ఎక్కువైనా పనితీరు దెబ్బతింటుందన్న ఆలోచనకు మూలం 1908లో యెర్కీస్, డాడ్సన్ అనే ఇద్దరు ఎలుకల మీద చేసిన ప్రయోగాలు. మనుషుల విషయంలో ఇది అంత సూటిగా ఉండదు. యూరీ హానిన్ అనే పరిశోధకుడు చెప్పినట్లు, ఒక్కో ఆటగాడు బాగా ఆడే ఉద్వేగస్థాయి ఒక్కోలా ఉంటుంది. ఒకరు ఉడికిపోతున్నప్పుడు బాగా ఆడతారు, మరొకరు నింపాదిగా ఉన్నప్పుడు ఆడతారు. అందుకే పక్కవాడు పోటీకి ముందు ఏం చేస్తున్నాడో చూసి అదే చేయడం సరికాదు. మీరు బాగా ఆడిన ఐదారు మ్యాచ్‌లనూ, చెడగొట్టుకున్న ఐదారింటినీ గుర్తు చేసుకుని, వాటికి ముందు మీ ఉద్వేగం పదికి ఎంత ఉండేదో ఒక పుస్తకంలో రాసి చూడండి.

మరొక మాట కూడా చెప్పాలి, మీ విషయంలో నాకు ఇదే ముఖ్యమనిపిస్తోంది. ఒత్తిడిలో ఆట రెండు రకాలుగా చెడుతుంది. మొదటిది, ‘ఓడిపోతే ఎలా, వాళ్లేమనుకుంటారు’ అన్న ఆలోచనలు మనసును ఆక్రమించి షటిల్ మీద దృష్టి లేకుండా చేయడం. రెండోది, చేయి దానంతట అది చేసే పనిని మనం పక్కన నిలబడి పరీక్షగా చూడడం. సియాన్ బైలాక్ అనే పరిశోధకురాలు గోల్ఫ్ ఆటగాళ్లతో చేసిన ప్రయోగాల్లో, అనుభవం ఉన్నవాళ్లు తమ కదలికలను దశలవారీగా గమనిస్తూ కొట్టినప్పుడు వాళ్ల ఆట దెబ్బతిన్నదని, కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకు అలా కాలేదని తేలింది. మీకు రెండూ ఒకేసారి జరిగాయి. ఎదుటివాడు ఏమనుకుంటాడో ఆలోచించారు, బొటనవేలినీ వేళ్లనూ చూసుకున్నారు. ఆ క్షణంలో మీరు చూడాల్సింది షటిల్ దాటవలసిన చోటును.

పాతకోచ్:

ముప్పై ఏళ్లుగా పిల్లలకు బ్యాడ్మింటన్ నేర్పుతున్నాను. పైన రాసిన అమ్మాయి చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తూ, కోర్టులో దాన్ని ఎలా ఆచరించాలో నాకు తెలిసినంత చెబుతాను.

ముందుగా నా తప్పొకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్లు నేను కోర్టు పక్కన కూర్చుని ‘రిలాక్స్, రిలాక్స్’ అని అరిచేవాణ్ని. ఒకసారి ఒక విద్యార్థి మ్యాచ్ వీడియో చూస్తున్నప్పుడు, నేను ఆ మాట అన్న ప్రతిసారీ ఆ పిల్లవాడి భుజాలు చెవుల వైపు లేవడం గమనించాను. ‘నువ్వు బిగుసుకుపోయావు, అది అందరికీ కనిపిస్తోంది’ అనే అర్థమే వాడికి చేరుతోంది. ఆ రోజు నుంచి ఆ మాట మానేశాను. చేయగలిగిన పని మాత్రమే చెబుతున్నాను.

నాయనా, మీ అసలు ఇబ్బంది మీ ప్రాక్టీసులోనే ఉందని నా అనుమానం. ప్రాక్టీసులో సర్వీసు ఎలా చేస్తున్నారు? గొట్టం నిండా షటిళ్లు పక్కన పెట్టుకుని, ఒకదాని వెంట ఒకటి యాభై కొడుతూ ఉంటారు. మొదటి పది తప్పినా మిగతా నలభై కుదురుతాయి, చేయి అలవాటు పడింది కాబట్టి తృప్తిగా ఇంటికి వెళతారు. పోటీలో మాత్రం ఒక్కటే షటిల్, ఒక్కటే అవకాశం. అప్పుడే ముప్పై షాట్ల ర్యాలీ ఆడి రొప్పుతూ వచ్చి కొట్టాలి. ఆ పరిస్థితిని మీరు ప్రాక్టీసులో ఎన్నడూ చూడనప్పుడు పోటీలో చేయి దాన్ని కొత్తగా భావించడంలో తప్పేముంది?

మా దగ్గర పెద్ద పిల్లలకు ఇలా చేయిస్తాను. కోర్టు నాలుగు మూలలకూ నిమిషం పాటు పరుగెత్తించి, ఆగగానే ఒకే ఒక్క సర్వీసు కొట్టమంటాను. మిగతా పిల్లలందరూ చుట్టూ నిలబడి చూస్తారు. తప్పితే రెండో అవకాశం ఉండదు, పక్కకు వెళ్లి కూర్చోవాలి, మళ్లీ వంతు వచ్చేది పావుగంట తర్వాతే. వారంలో రెండు రోజులు గేములన్నీ 18–18 నుంచే మొదలవుతాయి. ఓడినవాళ్లు వలలు విప్పి మడతపెట్టాలి. శిక్ష చిన్నదే అయినా, అందరూ చూస్తున్నారన్న బెరుకు మాత్రం నిజమైనదే, దానికి అలవాటు పడడమే కావాలి. డార్ట్‌లు విసిరేవాళ్లను ఎత్తయిన క్లైంబింగ్ గోడ మీద వేలాడుతూ విసరమని అభ్యాసం చేయించిన పరిశోధన ఒకటి చదివాను. అలా కాస్త బెరుకుతో అభ్యాసం చేసినవాళ్లు ఆ తర్వాత ఒత్తిడిలో తమ గురి నిలబెట్టుకున్నారు, బెరుకు లేకుండా అభ్యసించినవాళ్ల గురి ఒత్తిడిలో తగ్గింది. నా అనుభవం కూడా అదే చెబుతోంది.

ఇక పాయింటుకూ పాయింటుకూ మధ్య ఏం చేయాలన్నది. మీరు ర్యాలీ పోయాక ఏం చేస్తారో ఎవరితోనైనా వీడియో తీయించి చూడండి. కంగారు పడేవాళ్లు సాధారణంగా తొందరపడతారు. తప్పు జరిగిన చోటి నుంచి వీలైనంత త్వరగా పారిపోవాలని శరీరం కోరుకుంటుంది కాబట్టి పరుగున వెళ్లి షటిల్ తీసుకుని వెంటనే సర్వీసు కొట్టేస్తారు. మీరు మాత్రం ర్యాలీ అయిపోగానే వలకు వీపు తిప్పి, వెనక గీత వైపు రెండడుగులు వేయండి. స్ట్రింగులు సవరిస్తూ వాటి మీదే చూపు ఉంచండి. గ్రిప్పును ఒక్క క్షణం పిడికిలి బిగించినంత గట్టిగా పట్టి, పూర్తిగా వదులు చేయండి. నెమ్మదిగా, ముక్కుతో తీసుకున్నదానికంటే ఎక్కువసేపు ఊపిరి వదలండి. తర్వాత ఎక్కడికి సర్వీసు చేయాలో నిర్ణయించుకుని, ఆ నిర్ణయం అయ్యాకే వల వైపు తిరగండి. గీత దగ్గరికి వచ్చాక కొత్త ఆలోచన వస్తే పట్టించుకోకండి. ఇదంతా పది సెకన్లు కూడా పట్టదు, అంపైరు అభ్యంతరం చెప్పేంత ఆలస్యం కాదు.

దీన్ని ప్రాక్టీసులో, పందెం లేని గేముల్లో కూడా ప్రతి పాయింటుకూ చేయండి. పోటీ రోజున మాత్రమే చేద్దామనుకుంటే అది కూడా మరో కొత్త భారమై కూర్చుంటుంది.

దూరపుపరుగు:

నేను మధ్యదూరపు పరుగు పోటీల్లో పాల్గొంటాను. అందరూ నెమ్మదించమని, ఊపిరి లెక్కపెట్టమని చెబుతున్నారు కానీ నాకు అది నప్పలేదు. ఒకప్పుడు పోటీకి ముందు కళ్లు మూసుకుని ప్రశాంతంగా కూర్చునేవాణ్ని. గీత దగ్గరికి వచ్చేసరికి కాళ్లు మొద్దుబారినట్లుండేవి, మొదటి రెండు వందల మీటర్లు నిద్రలో పరుగెత్తినట్లే ఉండేది. ఇప్పుడు గుండె దడ మొదలవగానే ‘వచ్చేశావా, మంచిది, పద’ అని లోపల అనుకుంటాను. గెంతుతాను, తొడలు చరుచుకుంటాను. ఇలా చేసినప్పుడే నా మంచి సమయాలన్నీ వచ్చాయి.

క్రీడామనస్తత్వ విద్యార్థిని:

దూరపుపరుగు గారూ, మీరు చెప్పినదానికి ఆధారం ఉంది. అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన పరిశోధనలో, ప్రసంగించే ముందు ‘నాకు ఉత్సాహంగా ఉంది’ అని పైకి అనుకున్నవాళ్లు, ప్రశాంతంగా ఉన్నామని చెప్పుకున్నవాళ్లకంటే మెరుగ్గా చేశారు. కంగారులోనూ ఉత్సాహంలోనూ గుండె ఒకేలా కొట్టుకుంటుంది కాబట్టి, ఒకదాని నుంచి ఇంకొకదానికి మారడం తేలిక, ప్రశాంతతకు మారడం కష్టం.

అయితే ఊపిరి పద్ధతిని కొట్టిపారేయవద్దు. ఊపిరి తీసుకున్నప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలినప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. అందుకే నాలుగు లెక్కపెట్టేవరకు తీసుకుని ఆరు లెక్కపెట్టేవరకు వదిలితే దడ తగ్గుతుంది. రోజూ ఐదు నిమిషాలు ఇంట్లో చేస్తేనే అవసరమైనప్పుడు పట్టుబడుతుంది. మీది మధ్యదూరపు పరుగు, ఆయనది వేలి చివరతో కొట్టే సర్వీసు. కోర్టులోకి అడుగుపెట్టేటప్పుడు మీ పద్ధతి, సర్వీసు ముందు కోచ్ గారి పద్ధతి ఆయనకు రెండూ పనికివస్తాయని నా అభిప్రాయం.

ఈతగాడి అమ్మ:

నేను క్రీడాకారిణిని కాదు. మా అబ్బాయి పద్నాలుగేళ్ల ఈతగాడు. ఈ చర్చ చదివాక ఒక విషయం చెప్పకుండా ఉండలేకపోతున్నాను. రెండేళ్ల క్రితం వాడు పోటీలకు ముందు వాంతి చేసుకునేవాడు. తప్పు వాడి మనసులో ఉందనుకుని ధైర్యం చెబుతూ ఉండేదాన్ని. ‘ఇంత కష్టపడ్డావు, తప్పకుండా గెలుస్తావు’ అని ప్రతిసారీ అనేదాన్ని. ఒకరోజు తిరుగుప్రయాణంలో వాడు కిటికీ వైపు తిరిగి, “అమ్మా, నేను గెలవకపోతే నువ్వు దారంతా మాట్లాడవు కదా” అన్నాడు. నేను మౌనంగా ఉండేది వాడికి బాధ కలిగించకూడదనే. వాడు దాన్ని కోపం అనుకున్నాడు.

ఇప్పుడు తిరుగుప్రయాణంలో పోటీ గురించి వాడు ఎత్తితేనే మాట్లాడతాను. సమయం ఎంత వచ్చిందని అడగడం మానేశాను. వాంతులు ఒక్కరోజులో ఆగలేదు గానీ నెమ్మదిగా తగ్గాయి. వాడి కోచ్ ఒకసారి అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ గురించి చెప్పారు. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్లో ఈత అద్దాల్లోకి నీళ్లు చేరి ఆయనకు ఏమీ కనిపించలేదు. అయినా చేతి విసుర్లు లెక్కపెట్టుకుంటూ ఈది, 1 నిమిషం 52.03 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పారు. మా వాడు ఇప్పుడు గోడ దగ్గరికి ఎన్ని విసుర్లో లెక్కపెడతాడు. లెక్కపెడుతున్నంతసేపూ భయం గుర్తు రాదట.

కొత్తసభ్యుడు:

నాకు తెలిసిన ఒకరు పోటీకి ముందు గుండెదడ తగ్గడానికి ఒక మాత్ర వేసుకుంటారు. చేతులు అసలు వణకవని చెప్పారు. దాన్ని ప్రయత్నించవచ్చా?

పదిమీటర్లు:

దయచేసి వద్దు. మీరు చెప్పేవి గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్లు అనే మందులు అయి ఉండాలి. షూటింగ్, విలువిద్య లాంటి ఆటల్లో అవి నిషిద్ధం. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో ఒక పిస్టల్ షూటర్ శరీరంలో ప్రొప్రానొలాల్ అనే బీటా బ్లాకర్ బయటపడడంతో గెలిచిన రెండు పతకాలూ వెనక్కి తీసుకున్నారు. మీ ఆటలో నిషేధం లేకపోయినా, ఆస్తమా ఉన్నవాళ్లకూ రక్తపోటు తక్కువగా ఉన్నవాళ్లకూ ఇవి ప్రమాదకరం. పైగా ఇవి గుండె వేగం పెరగకుండా ఆపుతాయి కాబట్టి పరుగు అవసరమయ్యే ఆటలో త్వరగా అలసిపోతారు. వైద్యుడు పరీక్షించి రాయని మాత్రను పక్కవాడి మాట మీద వేసుకోవద్దు.

క్రీడామనస్తత్వ విద్యార్థిని:

దీనికి ఒక మాట చేరుస్తాను. పోటీ ముందు రాత్రి నిద్ర పట్టకపోవడం మామూలు విషయం. అంతకుముందు రాత్రులు బాగా నిద్రపోయి ఉంటే ఆ ఒక్క రాత్రి వల్ల ఆట పెద్దగా చెడదు. అయితే వారాల తరబడి నిద్ర లేకపోయినా, కోర్టు పేరు ఎత్తితేనే ఊపిరాడనట్లు అనిపించినా, ఆట మీద ఇష్టమే చచ్చిపోయినా, అది చర్చల్లో సలహాలతో తీరేది కాదు. అప్పుడు మానసిక నిపుణులను కలవాలి. అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో గాలిలో తన శరీరం ఏ దిశలో ఉందో తెలియడం లేదని గ్రహించి జట్టు ఫైనల్ నుంచి తప్పుకున్నారు. జిమ్నాస్టిక్స్‌లో అలాంటి స్థితిలో కొనసాగితే మెడ విరగవచ్చు. ఆమె 2024లో పారిస్‌లో మూడు స్వర్ణాలు, ఒక రజతం గెలిచారు. తప్పుకోవడాన్ని పిరికితనమన్నవాళ్ల మాటలు చదివినప్పుడు నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

చిన్నసర్వీసు:

ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. అందరికీ కృతజ్ఞతలు. కోచ్ గారు చెప్పినట్లు, మా క్లబ్బులో నలుగురం కలిసి గేములను 18–18 నుంచి మొదలుపెట్టి ఆడాం. మొదటి వారం దాదాపు అన్నీ ఓడిపోయాను. మూడో వారానికి ఆ అంకె వినగానే కడుపులో తిప్పడం తగ్గింది.

నిన్నటి పోటీలో రెండో రౌండ్ రెండో గేము 19–19 దగ్గర మళ్లీ సర్వీసు నాదే వచ్చింది. చేతులు వణికాయి, ఈకలు మళ్లీ అదిరాయి, అది నిజం. వలకు వీపు తిప్పి, గ్రిప్పు బిగించి వదిలాను. టేపు మీద తెల్లటి అంచులో ఒక చిన్న మరక కనిపించింది. దాని మీదుగా పంపాలని మాత్రమే అనుకుని కొట్టాను. షటిల్ టేపును రాసుకుంటున్నట్లే దాటింది, ఎదుటి ఆటగాడు పైకి లేపాడు, నేను స్మాష్ కొట్టాను. ఆ మ్యాచ్ గెలిచాను.

క్వార్టర్ ఫైనల్లో ఓడిపోయాను. ఎదుటి ఆటగాడు నాకంటే మెరుగైనవాడే, కానీ నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది మధ్యలో వచ్చిన నాలుగు గంటల విరామం. అంతసేపూ కోర్టు పక్కనే కూర్చుని ఆయన మ్యాచ్ చూస్తూ ఉన్నాను. ఆడడానికి లేచేసరికి ఒళ్లంతా నీరసం. ఆ సమయంలో ఏం చేసి ఉండాల్సింది?

దూరపుపరుగు:

ఉదయం హీట్స్ (తొలి వడపోత పరుగులు), సాయంత్రం ఫైనల్ ఉన్నప్పుడు మాకూ ఇదే పరిస్థితి. పోటీ జరుగుతున్న చోటే కూర్చుంటే, శరీరం ప్రతి ర్యాలీనీ తానే ఆడుతున్నట్లు ఉలిక్కిపడుతూ ఉంటుంది. మీ మ్యాచ్ అయిన వెంటనే నెమ్మదిగా నడిచి ఒళ్లు చల్లబరచుకుని, శబ్దం వినిపించని చోటికి వెళ్లండి. కాళ్లు చాపుకుని పడుకోండి, ఆటకు సంబంధం లేని పని ఏదైనా చేయండి. అరగంట ముందు మాత్రం లేచి, మొదటి మ్యాచ్‌కు చేసినట్లే వార్మప్ మొదటి నుంచీ చేయండి. ఉదయం చేశాం కదా అని వదిలేయకూడదు.

పాతకోచ్:

ఆయన చెప్పింది అక్షరాలా పాటించండి. ఎదుటివాడి ఆట చూడాలనుకుంటే ఒక్క గేము చూసి, అతను ఒత్తిడిలో సర్వీసు ఎక్కడికి చేస్తున్నాడో ఒక్క వాక్యం రాసుకుని లేచి రండి. 19–19 దగ్గర ఆ మరక గురించి రాసింది నేను రెండుసార్లు చదివాను. వచ్చే పోటీలో మరక లేకపోతే టేపు మీద మీరే ఒక చోటును ఎంచుకోండి.

చిన్నసర్వీసు:

అలాగే చేస్తానండీ. ఆ మరక విషయం పుస్తకంలో కూడా రాసుకున్నాను. రేపు ప్రాక్టీసులో 18–18 నుంచి మొదలయ్యే గేములు ఆరు ఉన్నాయి. అన్నింటిలోనూ మొదటి సర్వీసు నాకే ఇవ్వమని మావాళ్లకు చెప్పాను.